చతురస్ర ధ్వని పలికే విధానం

రాష్ట్ర పరభాషా ఉచ్చారణ మండలి వేసిన పుస్తకాల్లో తప్పులుండవు. ఇది మండలివాళ్ళు గొప్పకు చెప్పుకునే మాట కాదు, నియమావళిలో రాసుకున్న మాట. మంత్రిగారి చేతుల మీదుగా వెలువడిన పుస్తకంలో ఎవరికైనా తప్పు కనిపిస్తే, లోపం ఆ చూపులోనే ఉంటుందనీ, సదరు పాఠకుడు పుస్తకాన్ని మళ్ళీ మొదటినుంచి చదువుకోవాలనీ ఆ నియమం సారాంశం. పసుపులేటి రత్నాకర్ పన్నెండేళ్ళుగా ఆ మండలిలో జర్మన్ పాఠాలు చెబుతున్నాడు. కానీ ఆ నియమం ఎప్పటికైనా తన పీకకు చుట్టుకుంటుందని ఊహించలేదు.

మండలి ఆఫీసు గుంటూరులో ఉంది. పాత పొగాకు గోడౌన్ ఒకదానికి అడ్డగోడలు కట్టి గదులు చేశారు. వానలు పడి గోడలు చెమ్మగిల్లితే ఇప్పటికీ తరగతి గదుల్లో పొగాకు వాసన వేస్తుంది. జర్మనీ ఆసుపత్రుల్లో నర్సులకు కొరతగా ఉందని తెలిసి, ప్రభుత్వం ఇక్కడ ఉచితంగా జర్మన్ నేర్పించే ఏర్పాటు చేసింది. బాపట్ల నుంచీ, నరసరావుపేట నుంచీ నర్సింగు చదివిన అమ్మాయిలు వచ్చి హాస్టల్లో ఉండి నేర్చుకునేవాళ్ళు. రత్నాకర్ హైదరాబాదులో జర్మన్ ఎమ్మే చేసినవాడు. చదువు పెద్దదే, ఉద్యోగం మాత్రం కాంట్రాక్టు. ఏటా మార్చి వచ్చేసరికి అతని ఉద్యోగం ఫైలెక్కి కూర్చుని, ఎవరి సంతకం కోసమో ఎదురుచూసేది.

పాఠం చెప్పడంలో అతనికో పద్ధతుంది. తరగతిలో బల్ల మీద ఒకమ్మాయిని రోగిలా పడుకోబెట్టి, మిగతావాళ్ళచేత పలకరింపజేసేవాడు. "వో టూట్ ఎస్ వే?" అంటే, ఎక్కడ నొప్పిగా ఉంది అని. మన భాషలో లేని శబ్దం ఏదైనా వస్తే, "నోట్లో ఈ అనండమ్మా, పెదాలు మాత్రం ఈల వేసేటప్పుడు పెట్టినట్టు పెట్టండి," అనేవాడు. ఇంకో శబ్దానికి, పిల్లి బుసకొట్టినట్టు గాలి వదలమనేవాడు. అమ్మాయిలు పడీపడీ నవ్వేవాళ్ళు, నవ్వుతూ నవ్వుతూ నేర్చేసుకునేవాళ్ళు. అందరిలోకీ చురుకైన పిల్ల కొమ్ము ఎస్తేరు. సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు. నర్సుగా నాలుగేళ్ళు ఐసీయూలో పనిచేసి వచ్చింది. ఎవరితో మాట్లాడినా నాడి చూస్తున్నట్టే మాట్లాడుతుంది.

అలా సాగిపోతున్న తరగతికి ఒకరోజు మండలి డైరెక్టరు వంకాయలపాటి మృత్యుంజయరావుగారు తనిఖీకి వచ్చారు. ఆయన అంతకుముందు మత్స్యశాఖలో ఉండేవారు. చేపలకు ఉచ్చారణ సమస్య లేదు గనక అక్కడ ఆయనకు పేరు బాగానే వచ్చింది. ఇక్కడికి బదిలీ అయ్యాక ఏదైనా కొత్తగా చెయ్యాలని తపన పడుతున్నారు. అమ్మాయిలు బుసకొట్టడం కాసేపు విని, ఇది జర్మనే అనడానికి ఆధారం ఏమిటని రత్నాకర్‌ని అడిగారు. జర్మనీలో అందరూ ఇలాగే పలుకుతారని రత్నాకర్ చెప్పాడు.

"వాళ్ళు పలుకుతారు సరేనయ్యా. మన దగ్గర రికార్డు ఏది?" అన్నారు డైరెక్టరుగారు.

రత్నాకర్ దగ్గర రికార్డు లేదు. ఉన్నవి గొంతులు మాత్రమే.

ఆ వారమే డైరెక్టరుగారు విజయవాడలో ఒక సదస్సుకు వెళ్ళి, ధ్వనిలిపి మీద ఆచార్య నిష్ఠల సోమయాజులుగారి ప్రసంగం విని వచ్చారు. ప్రపంచంలో ఏ శబ్దమైనా సరే, దానికో గుర్తు ఉంది. తలకిందులైన అక్షరాలు, తోకలున్న అక్షరాలు, కొక్కేలు, గీతలు. గుర్తు చూస్తే చాలు, నోరు దానంతటదే తిరగాలి. డైరెక్టరుగారికి ఆ రాత్రి నిద్ర పట్టలేదట. "శబ్దం గాల్లో కలిసిపోతుంది. గుర్తు ఫైల్లో ఉంటుంది," అని మర్నాడు సిబ్బంది సమావేశంలో చెప్పారు. ఇకమీదట జర్మన్ ఉచ్చారణ యావత్తూ ధ్వనిలిపి ద్వారానే జరగాలనీ, చెవిమీద ఆధారపడే పాత అలవాటును దశలవారీగా నిర్మూలించాలనీ ఉత్తర్వులిచ్చారు. సోమయాజులుగారిని సలహాదారుగా నియమించి కారు ఇచ్చారు.

సోమయాజులుగారు జర్మన్ మాట ఎన్నడూ విన్నవారు కాదు గానీ, జర్మన్ శబ్దాల గుర్తులన్నీ ఆయనకు కంఠోపాఠం. అది అబద్ధం కాదు. ఆరు నెలలు కూర్చుని, ముత్యాల్లాంటి చేతిరాతతో 'జర్మన్ ఉచ్చారణ దర్పణం' అనే పుస్తకం రాశారు. రత్నాకర్ ఆ రాతప్రతి చూసి ముచ్చటపడ్డాడు. ఒక్క గుర్తు తప్పు లేదు. ఇది పాఠంతోపాటు పక్కన పెట్టుకుంటే పిల్లలకు నిజంగా పనికొస్తుందని కస్తూరితో అన్నాడు. కస్తూరి అతని భార్య, బ్రాడీపేటలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుంది.

పుస్తకం ప్రెస్సుకు వెళ్ళింది. ఇంతలో మంత్రిగారి పర్యటన వారం ముందుకు జరిగింది. ప్రూఫులు చూసే తీరిక లేకపోయింది. పుస్తకాలు బైండింగు జిగురు ఆరకుండానే వేదిక మీదికి వచ్చాయి. మంత్రిగారు రిబ్బను విప్పి, పుస్తకాన్ని ఛాతీకి ఆనించుకుని ఫోటో దిగి, ఇది రాష్ట్ర చరిత్రలో మైలురాయి అని చెప్పి హెలికాప్టరు ఎక్కారు. పుస్తకాలు లారీలకెక్కి జిల్లాలకు వెళ్ళిపోయాయి.

రత్నాకర్ సభలోనే వెనక వరసలో కూర్చుని పుస్తకం తెరిచాడు. తెరిచి, మూసి, ఇంకోచోట తెరిచాడు. ప్రెస్సువాళ్ళ కంప్యూటరుకు ఆ గుర్తులు తెలియవు. తెలియని గుర్తు వచ్చిన ప్రతిచోటా అది ఒక ఖాళీ డబ్బా అచ్చేసింది. తలకిందులైన అక్షరం ఉండాల్సిన చోట □. తోక ఉన్న అక్షరానికి □. దీర్ఘానికి □. ఏ పేజీ చూసినా కొత్తగా టైల్స్ అంటించిన స్నానాలగది గోడలా ఉంది. నర్సును జర్మన్‌లో ఏమంటారో అది చాలా పొడుగైన మాట. పుస్తకంలో దానికి అక్షరాలు అక్కడొకటీ ఇక్కడొకటీ మిగిలాయి, తక్కినవన్నీ డబ్బాలే.

అతను తిన్నగా డైరెక్టరుగారి గదికి వెళ్ళి, ఇది అచ్చుతప్పనీ, పుస్తకాలు వెనక్కు తెప్పించాలనీ చెప్పాడు. డైరెక్టరుగారు శాంతంగా విన్నారు. సొరుగులోంచి నియమావళి తీసి చూపించారు. తరవాత పుస్తకం మొదటి పేజీ తెరిచి, నమస్కారం పెడుతున్న మంత్రిగారి బొమ్మ చూపించారు.

"పుస్తకం తప్పని రాస్తే, మంత్రిగారు తప్పు పుస్తకాన్ని ఆవిష్కరించారని రాసినట్టు. ఆ కాగితం మీద సంతకం మీరు పెడతారా, నన్ను పెట్టమంటారా?"

డైరెక్టరుగారు అతన్ని కూర్చోబెట్టి, పరిపాలనా దృక్కోణంలోంచి విషయం వివరించారు. ఈ పుస్తకంలో తప్పు ఉండటానికి వీల్లేదు. కాబట్టి డబ్బా తప్పు కాదు. తప్పు కాకపోతే అది గుర్తు. గుర్తు అయితే దానికొక శబ్దం ఉండి తీరాలి. ఆ శబ్దం ఏమిటో మనకు ఇంకా తెలియకపోవచ్చు. తెలియని విషయం తేల్చడానికే గదా సంఘాలు వేసేది. మార్చి మొదటి వారంలో నిపుణుల సంఘం సమావేశమైంది.

సోమయాజులుగారు పుస్తకం చూసిన రోజున ఇంటికెళ్ళి ఎవరితోనూ మాట్లాడకుండా మంచమెక్కారని అందరూ చెప్పుకున్నారు. ఆరు నెలల కష్టం. కానీ పుస్తకం రద్దయితే సలహాదారూ రద్దవుతారు, కారూ రద్దవుతుంది. ఆయన లేచి, ముఖం కడుక్కుని, ఒక సిద్ధాంతంతో సంఘానికి వచ్చారు. ఏయే శబ్దాల చోట డబ్బా పడిందో ఆ శబ్దాలన్నిటి సమాహారమే ఈ నూతన ధ్వని అన్నారు. పెదాలు ఊకారానికి గుండ్రం చెయ్యాలి, నాలుక ఈకారానికి పైకెత్తాలి, గొంతు వెనక గరగరలాడించాలి, పళ్ళ సందున పిల్లిలా బుసకొట్టాలి, ఇదంతా ఏకకాలంలో, దీర్ఘంగా. అని, లేచి నిలబడి చేసి చూపించారు. ముల్లు గుచ్చుకున్న గొంతుతో మనిషి నీళ్ళు పుక్కిలిస్తూ దూరాన ఉన్న ఎవరినో పిలుస్తున్నట్టు వినిపించింది. అటెండరు గబగబా మంచినీళ్ళు తెచ్చాడు.

"ఇది జర్మన్ శబ్దమేనా? మీరు జర్మన్ వచ్చినవారు గదా, చెప్పండి," అన్నారు డైరెక్టరుగారు రత్నాకర్ వైపు తిరిగి.

ఆయన మోచేతి కింద ఉన్న ఫైలు రత్నాకర్‌కు బాగా తెలిసిన ఫైలే. ఏటా మార్చిలో చూసే ఫైలు. అప్పటికి మూడుసార్లు అచ్చుతప్పు అని చెప్పినవాడు, నాలుగోసారి నోరు తెరిచేసరికి వేరే మాట వచ్చింది.

"దగ్గర్లోనే ఉందండీ," అన్నాడు.

సమావేశ వివరాల్లో అది, 'జర్మన్ భాషా నిపుణులు శ్రీ పి. రత్నాకర్ సదరు ధ్వని ప్రామాణికతను సోదాహరణంగా ధ్రువీకరించారు' అని ఎక్కింది. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి జరిగింది చెబితే కస్తూరి కూర తరుగుతూ అంతా విని, "దగ్గర్లో ఉందన్నావు సరే, దేనికి దగ్గర్లో?" అని అడిగింది. అతను కండువా దులిపి దండెం మీద వేసి స్నానానికి వెళ్ళిపోయాడు.

పది రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. "దర్పణమునందలి □ చిహ్నమును ఇకమీదట చతురస్ర ధ్వని అని వ్యవహరించవలెను. డబ్బా, గడి, పెట్టె మొదలగు గ్రామ్య పదములతో పిలుచుట క్రమశిక్షణారాహిత్యముగా పరిగణింపబడును. అభ్యర్థులందరును చతురస్ర ధ్వనియందు ఉత్తీర్ణులైనగాని విదేశీయానమునకు అర్హతాపత్రము జారీ చేయబడదు." కింద డైరెక్టరుగారి సంతకం. ఆ పక్కన, నిపుణుడి హోదాలో, రత్నాకర్ సంతకం.

తరగతిలో అతను డబ్బా పలికి చూపించిన మొదటి రోజు ఎవరూ నవ్వలేదు. అంతకుముందు బుసకొట్టమంటే నవ్విన పిల్లలే. ఎస్తేరు లేచి నిలబడింది.

"సార్, పేషెంటు దగ్గరకెళ్ళి ఈ శబ్దం చేస్తే, ఆయనే లేచి మమ్మల్ని పడుకోబెడతాడు గదా."

రత్నాకర్ తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. ఇది పరీక్షకనీ, అది జర్మనీకనీ, రెండూ నేర్చుకోవాలనీ చెప్పాడు. ఆ రోజునుంచి తలుపు తీసి ఉన్నంతసేపూ అమ్మాయిలు డబ్బాలు పలికేవాళ్ళు. తలుపు మూశాక గొంతు తగ్గించి, ఎక్కడ నొప్పిగా ఉందని ఒకరినొకరు అడుక్కునేవాళ్ళు. జర్మన్ మాట్లాడటమే ఏదో దొంగతనంలా అయిపోయింది. దానికి తగ్గట్టు మండలివాళ్ళు ఉచ్చారణ స్క్వాడ్ ఒకటి వేశారు. వాళ్ళు కిటికీల కింద నక్కి, డబ్బా లేని జర్మన్ వినిపిస్తే పేరు రాసుకుని మెమో ఇచ్చేవాళ్ళు. ఎస్తేరుకు రెండు మెమోలు వచ్చాయి. రెండోదాంట్లో నేరం, 'భోజనశాలయందు సహజముగా మాట్లాడుట' అని ఉంది.

నెల తిరిగేసరికి అమ్మాయిల గొంతులు బొంగురుపోయాయి. హాస్టల్లో పొద్దున్నే అందరూ వరసగా నిలబడి ఉప్పునీళ్ళు పుక్కిలిస్తుంటే, అది వైద్యమో సాధనో బయటివాళ్ళకు తెలిసేది కాదు. గొంతు డాక్టరు ఒకాయన వచ్చి చూసి, అందరికీ వాపు ఉందనీ, చేస్తున్నదేదో మానిపించమనీ రాసిచ్చాడు. డైరెక్టరుగారు ఆ కాగితాన్ని 'అభ్యర్థుల కంఠములు జర్మన్‌కు అనుకూలముగా రూపాంతరము చెందుచున్నవి' అనే శీర్షికతో ప్రభుత్వానికి పంపారు.

రత్నాకర్‌కు మాత్రం మంచి రోజులు వచ్చాయి. చతురస్ర ధ్వని నిపుణుడు రాష్ట్రం మొత్తం మీద అతనొక్కడే. మిగతా జిల్లాల అధ్యాపకులకు శిక్షణ ఇవ్వడానికి పంపించారు. వెళ్ళినచోటల్లా దండ వేశారు. కడప చతురస్రం గరుకుగా ఉందనీ, శ్రీకాకుళం చతురస్రం మెత్తగా ఉందనీ వివాదం వస్తే, రెండూ విని తీర్పు చెప్పడానికి ఉపసంఘం వేసి దానికి అతన్నే కన్వీనరును చేశారు. రెండూ దగ్గర్లోనే ఉన్నాయని అతను తీర్పు చెప్పాడు. అతన్ని పర్మనెంటు చెయ్యాలన్న ఫైలు పన్నెండేళ్ళలో మొదటిసారి ఒక బల్లమీంచి ఇంకో బల్లమీదికి కదిలింది. రాత్రి భోజనాల దగ్గర ఆ మాట చెబితే కస్తూరి సంతోషించింది. ఆమె సంతోషించడం చూసి అతను కొంచెం తెరిపిన పడ్డాడు.

అప్పుడు జర్మనీ నుంచి ఫ్రావ్ ల్యూట్గెన్ వచ్చింది. ఫ్రావ్ అంటే మన శ్రీమతి లాంటి మాట. ఉత్తరాన ఏదో ఊళ్ళో పెద్దాసుపత్రిలో ముప్పైయ్యేళ్ళుగా నర్సు, ఇప్పుడు నర్సులందరికీ పెద్ద. తనతో పనిచెయ్యబోయే పిల్లలను తనే స్వయంగా చూసి ఎంచుకుందామని వచ్చింది. పొడుగాటి మనిషి, పొట్టి జుట్టు, చేతులు మాత్రం రోడ్డుపనివాళ్ళ చేతుల్లా దిట్టంగా ఉన్నాయి. సభాస్థలిలో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. 'ఫ్రావ్ ల□ట్గెన్ గారికి ఘనస్వాగతం.'

వేదిక మీద ఆమెకు కొబ్బరిబొండం ఇచ్చారు. డైరెక్టరుగారు నోట్లో ఏలక్కాయ వేసుకుని మైకు ముందుకు వచ్చారు. అతిథిని ఆమె మాతృభాషలోనే పలకరించాలని నెలరోజులుగా సాధన చేస్తున్నారు. మొదటి డబ్బా పలకగానే ఫ్రావ్ ల్యూట్గెన్ తలెత్తి చూసింది. రెండో డబ్బాకు కొబ్బరిబొండం కింద పెట్టింది. ఆమె పేరులోని డబ్బా దగ్గరికి వచ్చేసరికి డైరెక్టరుగారు కళ్ళు మూసుకుని, మెడనరాలు ఉబ్బించి, దీర్ఘంగా లాగారు. ఆ దీర్ఘం పూర్తికాలేదు. ఆమె ఒక్క అంగలో ఆయన వెనక్కి వెళ్ళి, రెండు చేతులూ ఆయన పొట్ట చుట్టూ వేసి, పిడికిలి డొక్కలో పెట్టి పైకి ఒక్క కుదుపు కుదిపింది. డైరెక్టరుగారి కాళ్ళు నేలమీంచి లేచాయి. ఏలక్కాయ ఎగిరి వెళ్ళి సోమయాజులుగారి శాలువా మీద పడింది. అది చూసి ఆమె తను అనుకున్నదే నిజమని ఇంకో రెండు కుదుపులు కుదిపింది.

సోమయాజులుగారు తేరుకుని మైకు అందుకున్నారు. అత్యంత ఆత్మీయులను మాత్రమే జర్మన్ ప్రజలు ఈ విధంగా ఆలింగనం చేసుకుంటారనీ, మన ఉచ్చారణకు ఇంతకు మించిన గుర్తింపు లేదనీ ప్రకటించారు. చప్పట్లు మారుమోగాయి. జాయింటు డైరెక్టరుగారు లేచి, కోటు సర్దుకుని, తన వంతు కోసం ఆమె ముందు వెన్ను చూపించి నిలబడ్డారు. ఆయన వెనక ఇంకో ఇద్దరు నిలబడ్డారు.

రత్నాకర్ వేదిక కిందే ఉన్నాడు. ఒక్క వాక్యం చాలు. అతనికి వచ్చు. లేద్దామని కుర్చీ చేతులు పట్టుకున్నాడు, ఇంకా పట్టుకునే ఉండగా అమ్మాయిల వరసలోంచి ఎస్తేరు లేచి వేదిక దగ్గరికి వెళ్ళింది. ఆయన గొంతులో ఏమీ అడ్డుపడలేదమ్మా, అది మా పుస్తకంలో ఉన్న శబ్దం అని మామూలు జర్మన్‌లో చెప్పింది. ఏ భాష శబ్దం అని ఫ్రావ్ ల్యూట్గెన్ అడిగింది. మీదేనని చెబుతున్నారు అంది ఎస్తేరు.

ఇంటర్వ్యూలు మధ్యాహ్నం జరిగాయి. దర్పణం చూసి చదవాలని మండలివాళ్ళు పట్టుబట్టారు. మొదటి అమ్మాయి చదివాక ఫ్రావ్ ల్యూట్గెన్ సంచిలోంచి టార్చిలైటు తీసి ఆ పిల్ల గొంతులో వేసి చూసింది. రెండో పిల్లకూ అలాగే చూసింది. తరవాత పుస్తకం మూసి కిటికీలో పెట్టి, అధికారులను బయట కూర్చోమంది. కుర్చీలో వెనక్కి వాలి, పొట్ట పట్టుకుని మూలగడం మొదలుపెట్టింది. ఎస్తేరు వెళ్ళి ఆమె మణికట్టు పట్టుకుని, వంగి, "వో టూట్ ఎస్ వే?" అని అడిగింది. ఆ మాట గదిలో ఎంత మెత్తగా వినిపించిందంటే, తలుపు దగ్గర నిలబడ్డ రత్నాకర్ అలవాటుకొద్దీ తలుపు మూయబోయాడు. ఆ వెనక ఒక్కొక్క అమ్మాయీ వచ్చి పలకరించింది. ఆమె అందరినీ తీసుకుంది.

వెళ్ళేముందు రత్నాకర్ దగ్గరికి వచ్చి, నీ పిల్లలు చక్కగా మాట్లాడుతున్నారు అంది. మరి ఆ రెండో శబ్దం ఎందుకు నేర్పావని అడిగింది. అతనికి జర్మన్‌లో చాలా విషయాలు చెప్పడం వచ్చు. ఆమె సంచి అందుకుని కారుదాకా మోసుకెళ్ళాడు.

మండలి ఫలితాలు ఆ తరవాతి వారం వచ్చాయి. ఫ్రావ్ ల్యూట్గెన్ ఎంచుకున్న అమ్మాయిలందరూ తప్పారు. ఇంటర్వ్యూలో పుస్తకం మూశాక ఒక్కరూ ఒక్క చతురస్రం కూడా పలకలేదని కిటికీ కింద స్క్వాడ్ రాసుకుంది. సోమయాజులుగారు మరో అడుగు ముందుకేసి, సభలో రికార్డు చేసిన ఫ్రావ్ ల్యూట్గెన్ మాటలను కూడా మూల్యాంకనం చేశారు. సొంత పేరులోని చతురస్రాన్ని కూడా ఆమె విస్మరించినట్టు తేలింది. ఆమెకు అనుత్తీర్ణత పత్రం, దాంతోపాటు ఆ దేశస్థులందరి ప్రయోజనార్థం కొన్ని దర్పణాలు విమానంలో పంపాలని తీర్మానించారు.

అమ్మాయిలకు వీసాలు వచ్చాయి. అర్హతాపత్రం లేదు గనక మండలి వాళ్ళను కదలనివ్వలేదు. ఒక సాయంత్రం ఎస్తేరు రత్నాకర్ ఇంటికే వచ్చింది. కస్తూరి కాఫీ ఇస్తే తాగకుండా పక్కన పెట్టుకుంది.

"జర్మనీ వాళ్ళు సంతకం పెట్టారు సార్. వీసా వాళ్ళు పెట్టారు. ఇంక మీ సంతకమే రాలేదు."

తన చేతుల్లో ఏముందనీ, అది సంఘం నిర్ణయమనీ రత్నాకర్ చెప్పబోయాడు.

"ఆ శబ్దం సరిగ్గా ఉందో లేదో చెప్పగలిగింది మీరొక్కళ్ళేనంట గదా. కాయితాల్లో అట్టానే ఉంది. మరి చెప్పండి," అంది. కోపంగా అనలేదు. ఐసీయూలో రోగి బంధువులతో మాట్లాడినట్టు, ఉన్నదున్నట్టు చెప్పింది.

ఆ మాట అతని బుర్రలో రెండు రోజులు తిరిగింది. మూడోరోజు సంఘం ముందు లేచి నిలబడ్డాడు. అచ్చుతప్పు అనే మాట అతను ఎత్తలేదు. ఆ మాటతో ఈ గోడలు కదలవని అతనికి తెలుసు. అందుకని వాళ్ళ గుమ్మంలోంచే లోపలికి వెళ్ళాడు. ఇంగ్లీషులో నైఫ్ అనే మాటకు ముందు కే రాస్తాం, పలుకుతామా అని అడిగాడు. పలకమని అందరూ ఒప్పుకున్నారు. జర్మన్‌లోనూ రాసి పలకని అక్షరాలున్నాయి. చతురస్ర ధ్వనికి కూడా అలాంటి ఒక ఉన్నత దశ ఉంది. సాధన బాగా ముదిరితే అది వినిపించదు. ఈ అమ్మాయిలు దాన్ని వదిలెయ్యలేదు, ప్రతిచోటా నిశ్శబ్దంగా పలికారు. నిపుణుడిగా నేను విన్నాను, అన్నాడు.

ఎంతమంది విమానమెక్కారని మంత్రిగారి పేషీ నుంచి అప్పటికి నాలుగుసార్లు ఫోను వచ్చి ఉంది. సోమయాజులుగారి కళ్ళు చెమర్చాయి. "నిశ్శబ్ద చతురస్రం," అన్నారు ఆయన, "ధ్వనిశాస్త్రానికి పరాకాష్ఠ అదే గదా." డైరెక్టరుగారు కలం మూత తీశారు. అమ్మాయిలందరూ అత్యుత్తమ శ్రేణిలో ఉత్తీర్ణులైనట్టు అర్హతాపత్రాలు వచ్చాయి. వాళ్ళను హైదరాబాదు విమానాశ్రయానికి తీసుకెళ్ళే బస్సు దగ్గర ఎస్తేరు అతనికి చెయ్యి కలిపి, ఆరోగ్యం చూసుకోండి సార్ అంది. బస్సు మలుపు తిరిగేదాకా అతను అక్కడే నిలబడ్డాడు. పన్నెండేళ్ళలో తను చేసిన మంచి పని ఏదైనా ఉంటే ఇదేననుకున్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు.

కానీ మండలి చేతికి దొరికిన మంచి ఆలోచన ఒకచోట ఆగదు. అత్యుత్తమ శ్రేణి నిశ్శబ్దమే అయినప్పుడు, దిగువ శ్రేణులు నేర్పి ప్రజాధనం, సమయం వృథా చెయ్యడం ఎందుకని డైరెక్టరుగారు ప్రశ్నించారు. చతురస్రం ఒక్కటే పరాకాష్ఠకు చేరి మిగతా అక్షరాలు వెనకబడి ఉండటం భాషలో అసమానతలకు దారితీస్తుందని సోమయాజులుగారు నివేదిక ఇచ్చారు. కొత్త బ్యాచ్ నుంచి మొత్తం జర్మన్‌ను నిశ్శబ్ద పద్ధతిలోనే బోధించాలని ఉత్తర్వు వచ్చింది. గదులకు మెత్తటి తివాచీలు పరిచారు. ఫ్యాన్లు చప్పుడు చేస్తున్నాయని తీసేశారు. ఇది నా ఉద్దేశం కాదని రత్నాకర్ చెప్పబోతే, డైరెక్టరుగారు లేచి వచ్చి కౌగిలించుకుని పర్మనెంటు ఉత్తర్వు చేతిలో పెట్టారు. నిశ్శబ్ద ఉచ్చారణ విభాగాధిపతి. గది, బల్ల, గోడమీద పేరున్న పలక.

ఇప్పుడు అతని తరగతిలో ముప్పైమంది అమ్మాయిలు దర్పణం తెరిచి, డబ్బాల వంక చూసి, పేజీ తిప్పుతారు. పరీక్ష మూడు గంటలు. ఎవరు ఎంత బాగా మాట్లాడకుండా ఉన్నారన్నదాన్ని బట్టి మార్కులు. స్క్వాడ్ వాళ్ళు కిటికీల కింద కూర్చుని, ఏమీ వినిపించలేదని రాసుకుని తృప్తిగా వెళ్ళిపోతారు. ఇతర రాష్ట్రాల వాళ్ళు వచ్చి చూసి, తమ దగ్గర కూడా పెట్టుకుంటామని చెప్పి పోతున్నారు.

మరుసటి ఏడాది ఆగస్టులో ఒకరోజు, వినుకొండ నుంచి వచ్చిన బోయపాటి సునంద అనే అమ్మాయి పుస్తకంలోంచి తలెత్తింది. చేరి అప్పటికి రెండు నెలలు.

"సార్," అంది మెల్లగా, "ఎక్కడ నొప్పిగా ఉంది అని జర్మన్‌లో ఎట్టా అడగాలి సార్?"

రత్నాకర్‌కు జవాబు నోటిదాకా వచ్చింది. పెదాలు గుండ్రంగా తిరిగాయి కూడా. ఇంతలో వరండాలో తివాచీ మీద డైరెక్టరుగారి బూట్లు మెత్తగా నడుస్తూ వచ్చి గుమ్మం దగ్గర ఆగాయి. రత్నాకర్ మార్కుల పట్టిక దగ్గరికి లాక్కుని, ఆ పిల్ల పేరు వెతికి, ఎదురుగా రెండు మార్కులు తగ్గించాడు. సునంద ఆ కలం వంక చూసింది, అతని ముఖం వంక చూసింది, పుస్తకంలోకి తల దించుకుంది.

ఆ తరవాత ఆమె ఎన్నడూ నోరు తెరవలేదు. ఆ ఏడాది మండలి పరీక్షల్లో మొదటి ర్యాంకు ఆమెకే వచ్చింది.